గూడ జారిన హీరో

1989 నాటి ‘లెథల్ వెపన్ 2’ ఈ వారం మళ్లీ కంటపడింది. జారిన గూడను హీరో దబ్బున మోదుకుంటాడు, కీలు కుదురుతుంది, కథ నడుస్తుంది. మొరటుతనాన్ని పనితనంగా చూపిస్తే ఈ కాలమ్‌కి ఒళ్లు మండుతుందని పాత పాఠకులకు తెలుసు. భుజం కీలంటే గిన్నెలో కుదురుకున్న గుండు కాదు, సాసర్ మీద పెట్టిన నిమ్మకాయ. చేయి అన్ని వైపులా తిరగాలంటే గుంట లోతు తక్కువ ఉండాల్సిందే. అందుకే జారుతుంది, అదీ నూటికి తొంభై అయిదుసార్లు ముందుకే. వెనక్కి జారితే మూర్ఛో కరెంటు షాకో కారణమేమో అడగాలి. జారిన గుండును లోపలికి రానివ్వనివి నొప్పికి బిగుసుకున్న కండరాలు. మోదితే ఇంకా బిగుస్తాయి. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చేయి మంచం అంచు నుంచి వేలాడదీసి, మణికట్టుకు కాస్త బరువు కట్టి వదిలేసే పద్ధతి ఉంది. పావుగంటో ఇరవై నిమిషాలో గడిచేసరికి కండరం అలిసి సడలుతుంది, చాలామందికి గుండు తనంతట తానే గూట్లో పడుతుంది.

పాతవాళ్లు బలం వాడలేదా అంటారు. వాడారు. సుశ్రుతుడు చంక కింద రోకలి పెట్టి ఎత్తమన్నాడు, హిప్పోక్రటీస్ దారి పట్టినవాళ్లు చంకలో మడమ ఆనించి చేయి లాగారు. రెండూ నిలకడగా చేసేవే, మోదుడు కాదు. సుశ్రుతుడైతే కీలు కుదిరాక స్వస్తికం ఆకారంలో కట్టు కట్టమని కూడా చెప్పాడు. పుత్తూరు కట్టు పేరెత్తగానే నవ్వే డాక్టర్లు ఈ మేరకు తగ్గాలి. ఆలస్యమైనకొద్దీ కండరాలు మొండికేస్తాయి గనక, కట్టు కట్టేవాళ్ల తొందరా తప్పు కాదు. అసలు తేడా లాగడానికి ముందుంది. జబ్బ పైభాగాన, బయటి వైపు చర్మాన్ని దూదితో తాకి ‘తెలుస్తోందా?’ అని అడగాలి. తెలియకపోతే చంక దగ్గరి నరం దెబ్బతిందని అనుమానించాలి. కీలు కూర్చోబెట్టాక మళ్లీ అదే దూది, అదే ప్రశ్న. ఎముక కూడా విరిగిందేమో ఎక్స్‌రే చెప్పాలి, చేతివేళ్లు చెప్పలేవు.

ఇంతా అన్నాక, సినిమా అబద్ధమాడలేదేమో అనిపిస్తోంది. కుర్రవయసులో ఒకసారి జారిన గూడ మళ్లీ మళ్లీ జారుతుంది. గుంట అంచుకు అతుక్కుని ఉండే మెత్తటి వలయం ఊడిపోవడమే ఇందుకు మూలమని లండన్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లోనే రాశాడు. అలా వదులైన కీలు కాస్త తోస్తే జారుతుంది, కాస్త తోస్తే ఎక్కుతుంది. కావాలన్నప్పుడు గూడ జార్చుకుని, మోదుకుని ఎక్కించుకోగలుగుతున్నాడంటే ఆ హీరోని విలన్ల మీదికి కాదు, ముందు ఎముకల డాక్టరు దగ్గరికి పంపాలి.