అల్లుడి పార్టీ

2024 జులై 15న మిల్వాకీలో రిపబ్లికన్లు జె.డి. వాన్స్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. ఆ ఒక్క పూటలో అమెరికా అధ్యక్ష ఎన్నిక మనకి ఇంటి వ్యవహారం అయిపోయింది. ఆయన భార్య ఉష చిలుకూరి తల్లిదండ్రులు తెలుగువాళ్లు. వంశం మూలాలు తణుకు దగ్గర వడ్లూరులో ఉన్నాయి. రావులపాలెం దాటి, వశిష్ఠ గోదావరి మీద సిద్ధాంతం వంతెన ఎక్కితే ఆ ఊరు ఎంతో దూరం కాదు. ఇక ‘ఆంధ్రా అల్లుడు’ అన్న మాట శీర్షికల్లోకి ఎక్కింది, దిగలేదు. నవంబరులో ట్రంప్-వాన్స్ జంట గెలిచాక ముఖ్యమంత్రి చంద్రబాబు కూడా ఉష తెలుగు మూలాలను గుర్తుచేస్తూ అభినందనలు తెలిపారు. ఆ సంతోషంతో నాకు పేచీ లేదు. ఎన్నికల వేళ ఒక పక్షం వహించి రాయడం తప్పని కూడా నేను అనుకోను. కానీ అల్లుడి పక్షం అనేది అసలు పక్షమే కాదు. దానికి వాదన అక్కర్లేదు, చుట్టరికం చాలు.

గోదావరి జిల్లాల్లో అల్లుడంటే వరస మాత్రమే కాదు, మర్యాద. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించి, ఆ ఫొటో పేపర్లో చూసుకుని మురిసే నేల ఇది. (ఆ రకాల సంఖ్య ఏటేటా పెరగడమే తప్ప తగ్గిన వార్త ఇంతవరకూ రాలేదు.) విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి నీ నమ్మకాలేమిటి, నీవల్ల మా పిల్లలకి ఒరిగేదేమిటి అని ఎవరూ అడగరు. అడిగితే అత్తవారి పరువు పోతుంది. అందుకే ఒక రాజకీయ నాయకుణ్ణి అల్లుడని పిలవగానే ప్రశ్నలకి తలుపు మూసుకుంటుంది. వార్త రాసే చెయ్యి వడ్డించే చెయ్యి అయిపోతుంది.

మిల్వాకీ సభనే చూడండి. జులై 17 రాత్రి ఉష వేదికెక్కి భర్తని పరిచయం చేశారు. నా శాకాహారానికి అలవాటుపడ్డాడని, మా అమ్మ దగ్గర వండటం నేర్చుకున్నాడని ఆమె చెప్పిన మాటలు మనకి బాగా నచ్చాయి, పదే పదే విన్నాం. అదే రాత్రి అదే హాల్లో వేల మంది చేతుల్లో ‘సామూహిక బహిష్కరణ ఇప్పుడే’ అన్న అట్టలు ఉన్నాయి. అవి దాచిపెట్టినవి కావు, కెమెరా కోసమే పంచినవి. కోనసీమ పిల్లలు చదువుకనో ఉద్యోగానికనో వెళ్తున్న దేశం గురించి రాసేటప్పుడు ఈ రెంటిలో ఏది పెద్ద వార్త? మన చానళ్ల బరువంతా మొదటిదాని మీద పడింది. రెండోది ఎవరో సరిహద్దు గోడ దూకినవాళ్ల గొడవ అనుకున్నాం. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగినప్పుడు గానీ ఆ అట్టల మీది మాటకి సంకెళ్లుంటాయని తెలియలేదు.

దీనికొక న్యాయమైన అభ్యంతరం ఉంది. ట్రంప్ ప్రచారంలో ఎక్కువగా మాట్లాడింది అక్రమ వలసల గురించే గానీ వీసా మీద పద్ధతిగా వెళ్లినవాళ్ల గురించి కాదు. పైగా 2024 జూన్‌లో, అక్కడ పట్టా పుచ్చుకున్న విదేశీ విద్యార్థులకి గ్రీన్‌కార్డే ఇచ్చేస్తామని ఒక ముఖాముఖిలో అన్నారు. మరి విలేఖరి జోస్యం చెప్పాలా? జోస్యం అక్కర్లేదు, పాత కాగితాలు తిరగేస్తే చాలేది. మొదటి విడత పాలనలో, 2020 జూన్‌లో, అదే ట్రంప్ హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద కొత్తగా వచ్చేవాళ్లని ఆ ఏడాది చివరిదాకా ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ రోజుల్లో హెచ్‌1బి దరఖాస్తుల తిరస్కరణ ఎంత పెరిగిందో హైదరాబాద్ కన్సల్టెన్సీలన్నిటికీ తెలుసు. ఒక చేతిలో ఆ ఉత్తర్వు, ఇంకో చేతిలో గ్రీన్‌కార్డు మాట పట్టుకుని ఏది నమ్మొచ్చో చర్చించి ఉంటే, అది ట్రంప్‌ని సమర్థిస్తూ రాసినా సరే, పాఠకుడికి ఉపయోగపడేది. 2025 జనవరి 20న, గద్దెనెక్కిన రోజే, జన్మతః పౌరసత్వం మీద ఉత్తర్వు వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే బిడ్డ పౌరుడు కాడన్నది అందులో ఉంది. కోర్టులు వెంటనే అడ్డుకున్నాయి. సెప్టెంబరులో కొత్త హెచ్‌1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అప్పుడు అల్లుడన్న మాట శీర్షికల్లోంచి మెల్లగా జారుకుంది.

అయితే పక్షం లేకుండా రాయడమే మందా? అదీ కాదు. 2024 అక్టోబరు 25న, పోలింగుకి పదకొండు రోజుల ముందు, వాషింగ్టన్ పోస్ట్ ఇక ఏ అధ్యక్ష అభ్యర్థినీ బలపరచబోమని ప్రకటించింది. పాఠకులు దాన్ని తటస్థత అనుకోలేదు, యజమాని భయపడ్డాడనుకున్నారు. రెండు లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారు. నోరు మూసుకోవడం కూడా ఒక పక్షంగానే లెక్కకొస్తుంది. అక్కడి పద్ధతిలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది: ఫలానావారిని బలపరుస్తున్నామని సంపాదకీయ పేజీలో, కారణాలతో చెప్పడం. మనకి ఆ అలవాటు లేదు. ఏ పత్రిక ఏ పార్టీదో టీ కొట్టు దగ్గర చిన్న పిల్లాడైనా చెప్తాడు, నాయకులైతే ‘ఎల్లో మీడియా’ అనీ ‘నీలి మీడియా’ అనీ రంగులు కూడా వేశారు. ఆ పక్షం మాత్రం సంపాదకీయంలో సంతకం పెట్టి ఉండదు, వార్త శీర్షికలో కలిసిపోయి ఉంటుంది. రావులపాలెం అరటి మార్కెట్లో తన గెలని పొగడని రైతు ఉండడు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఎందుకంటే గెల కళ్లెదుటే ఉంటుంది, కొనేవాడు పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పక్షం వహించే వ్యాఖ్యాత కూడా సరుకు ఎదురుగా పెట్టి పొగడాలి.

చుట్టరికం పని చెయ్యని ఎన్నిక ఎలా ఉంటుందో మన చరిత్రలోనే ఉంది. 1969 ఆగస్టు 16న రాష్ట్రపతి పదవికి పోటీపడిన ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్లే: అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి, బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి. ఇద్దరూ మనవాళ్లే కాబట్టి మనవాడన్న కారణం తూకానికి రాలేదు. జులైలో 14 బ్యాంకుల జాతీయీకరణ సరైనదా, పార్టీ విప్ గొప్పదా అంతరాత్మ గొప్పదా అన్న వాదనలు ముందుకొచ్చాయి. తన పార్టీ అభ్యర్థి సంజీవరెడ్డి నామినేషన్‌ని ప్రతిపాదించిన ప్రధాని ఇందిరే అంతరాత్మ ప్రకారం ఓటెయ్యమన్నారు. అంతా పవిత్రంగా జరిగిందని కాదు. సంజీవరెడ్డి మీద ఎంపీల మధ్య తిరిగిన అసహ్యమైన కరపత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషన్లు కొట్టేశారు. కానీ ఆ బురదలో కూడా, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక 4,20,077కి 4,05,427గా గిరి వైపు తేలిన ఆ ఫలితం వెనక, ఏ విధానం గెలిచిందో చెప్పగలిగే వీలుంది. 2024 గురించి మన చానళ్లు చూసినవాళ్లు ఆ మాట చెప్పగలరా?

ఇదంతా చదివి, స్థానిక పత్రికకి స్థానిక ముచ్చటే కావాలి కదా అనేవాళ్లుంటారు. వీసాకి మించిన స్థానిక వార్త కోనసీమలో ఏముంది? అమ్మిన పొలం, చేసిన బ్యాంకు అప్పు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అధ్యక్షుడి కోసం అమెరికా మళ్లీ 2028 నవంబరు 7న ఓటేస్తుంది. ఈలోగా ఎవరో ఒకరు మన మనవడో మేనకోడలో అయ్యి మొదటి పేజీకెక్కుతారు. అప్పుడు ఆ ఫొటో చూశాక లోపలి పేజీలు కూడా తిప్పండి. వాళ్ల వీసా విధానం గురించి నాలుగు వాక్యాలు లేకపోతే, ఎడిటర్‌కి ఒక ఉత్తరం ముక్క రాయండి.