అవ్వ నోట్‌బుక్కు

ఆస్ట్రేలియా 2024 నుంచి మన పిల్లలకు ఒక వీసా ఇస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లు ఏడాది పాటు అక్కడ తిరగొచ్చు, ఖర్చులకు దొరికిన పని చేసుకోవచ్చు. ఏటా వెయ్యి మందికే అవకాశం, లాటరీలో పేరు రావాలి. దానికి పేరిచ్చిన మా వీధి కుర్రాడు మొన్న నా దగ్గరికొచ్చాడు. "కాకా, తెలువని దేశంల పని, రూం ఎట్ల దొరుకుతయే?" అన్నాడు. నాకు ఆస్ట్రేలియా తెలియదు. ఇస్నాపూర్ తెలుసు.

ఇంటర్ అయ్యాక నారాయణఖేడ్ నుంచి బస్సెక్కి ఇస్నాపూర్ చౌరస్తాలో దిగాను. పని కోసం మూడు రోజులు పక్కనే ఉన్న పాశమైలారం పారిశ్రామికవాడలో కంపెనీల గేట్లన్నీ తిరిగాను. మనుషులు అవసరం లేదని ప్రతి గేటు దగ్గరా సెక్యూరిటీ వాళ్లు పంపేశారు. నాలుగో రోజు చాయ్ హోటల్‌లో ఒడిశా అన్న ఒకాయన కిటుకు చెప్పాడు. గేటును అడగొద్దు, షిఫ్టు దిగి వచ్చేవాళ్లను అడుగు, ఎవరు పని మానేశారో వాళ్లకే ముందు తెలుస్తుంది అని. పొద్దున ఆరింటికి, మళ్లీ మధ్యాహ్నం రెండింటికి రోడ్డు పక్కన నిలబడ్డాను. రెండో రోజుకే హెల్పర్ పని దొరికింది. హోలీకి, ఛఠ్ పూజకు బిహార్ వాళ్లు ఊళ్లకు పోతే కాంట్రాక్టర్లే మనుషుల కోసం వెతుకుతారని తర్వాత తెలిసింది.

రూముకూ ఒక వేళ ఉంది. జీతాలు పడిన వారంలో కొందరు ఊళ్లకు వెళ్లిపోతారు, అప్పుడే ఖాళీలు. నేను వెళ్లినప్పుడు వరసగా పది రేకుల రూములు, అందరికీ ఒకటే నల్లా. ముందు తాగే నీళ్ల సంగతి అడిగాను. నక్కవాగు కంపెనీల మురికితో పాడైన ప్రాంతం కదా, అక్కడ ఎవరైనా ముందు అదే అడుగుతారు. రూముల యజమాని ఒక అవ్వ. కిరాయి మాట్లాడే ముందే నోట్‌బుక్కు తీసింది.

"ఏ ఊరు బిడ్డా? నాయిన పేరేంది? ఏ కంపెనీ, కాంట్రాక్టర్ ఎవలు?"

"ఇవన్నీ ఎందుకవ్వా, కిరాయి టైముకు ఇస్త గద."

"రేపు నీకేమన్నయితే నేనెవలికి చెప్పాలె?"

ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఒక రాత్రి మిషన్‌లో చెయ్యి నలిగింది. నేను తన మనిషిని కాదన్నాడు కాంట్రాక్టర్. నాకు కార్డు లేదు, హాజరు పుస్తకంలో పేరు లేదు. మా ఊరికి ఫోన్ చేయించింది అవ్వే, ఆ నోట్‌బుక్కు చూసి. తెల్లారేసరికి నాయిన ఆస్పత్రిలో ఉన్నాడు.

2025 జూన్ 30న అదే పాశమైలారంలో సిగాచీ ఫార్మా కర్మాగారం పేలింది. 46 మంది చనిపోయారని, మరో 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదని అధికారులు తేల్చారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే. అయినవాళ్లు ఫొటోలు పట్టుకొని ఆస్పత్రుల చుట్టూ తిరిగారు, డీఎన్ఏ పరీక్షల కోసం రోజుల తరబడి కూర్చున్నారు. ఆ వారమంతా నా కళ్ల ముందు అవ్వ నోట్‌బుక్కే. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన వలస కార్మికుడికి కాంట్రాక్టర్ ఫొటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలని 1979లోనే చట్టం రాశారు. నాతో ఆ రేకుల రూముల్లో ఉన్న వేరే రాష్ట్రాల వాళ్లెవరి దగ్గరా అలాంటిది చూడలేదు.

మా వీధి కుర్రాడికి ఇదే చెప్పాను. లాటరీలో పేరొస్తే, ఆస్ట్రేలియాలో పని దొరికిన రోజే యజమాని పేరు, రూం అడ్రస్ మీ అమ్మకు పంపు.

ఇస్నాపూర్, రుద్రారం, ముత్తంగిలో రూములు కిరాయికిచ్చే అక్కలకు, అన్నలకు నాదొక విన్నపం. ఒక నోట్‌బుక్కు కొనండి. వచ్చిన ప్రతి పిల్లాడి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు, కాంట్రాక్టర్ పేరు మీ చేత్తో రాసుకోండి. అడ్వాన్సు తీసుకునే ముందే రాయండి.