గవ్వల్లో నిమిషాలు

మినిట్ అనే మాటకు పుట్టుకలో గడియారంతో పనిలేదు. లాటిన్‌లో 'మినూటా' అంటే చిన్నది. డిగ్రీనో గంటనో అరవై చేస్తే వచ్చేది మొదటి చిన్నముక్క. దాన్ని మళ్లీ అరవై చేస్తే రెండో చిన్నముక్క, అదే సెకండ్. మన లిప్త దీనికి వేలువిడిచిన చుట్టం. గ్రీకులో చిన్నదనే అర్థమున్న 'లెప్టాన్' నుంచి సంస్కృత జ్యోతిషంలోకి వచ్చింది. అక్కడ కోణం కొలత, మన వాడుకలో రెప్పపాటు.

ఈ చిన్నముక్కల లెక్కలు పుదుచ్చేరిలో ఎదురుపడ్డాయి. ఇప్పుడు భారతి పార్కు ఉన్నచోట ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల కోట. 1761లో ఊరు ఇంగ్లీషువాళ్ల వశమైంది, కోట నేలమట్టమైంది. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూడాలని బయల్దేరిన ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు ల జెంటీ ఆ ఏడు నడిసముద్రంలోనే ఉండిపోయాడు. ఎనిమిదేళ్లు ఆగి, 1769 జూన్ 4న ఇక్కడే దుర్భిణి బిగించుకుని కూర్చుంటే మబ్బు కమ్మేసింది. పాపం అనుకుని అందరూ ఇక్కడే కథ ఆపేస్తారు. నాకు ఆసక్తి అతను ఇక్కడి తమిళుల దగ్గర నేర్చుకున్న గ్రహణగణితం మీద. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపన్నది వాళ్ల లెక్కలో 41 సెకండ్లు తగ్గింది. యూరప్‌లో పేరుమోసిన టోబియాస్ మేయర్ పట్టికల్లో 68 సెకండ్లు పెరిగింది.

మనవాళ్ల గొప్ప చెప్పేటప్పుడు ఈ 41 దగ్గరే ఆగిపోతాం. 1825లో మద్రాసులో అచ్చయిన 'కాలసంకలిత'లో జాన్ వారెన్ ఇంకో పుదుచ్చేరి పంచాంగకర్త సంగతి రాశాడు. ఆయన నేలమీద గవ్వలు పేర్చి, కంఠస్థమైన వాక్యాల్లోంచి అంకెలు తీస్తూ, ఆ ఏడు మే 31 గ్రహణం లెక్కకట్టాడు. ఆరంభానికి తేడా 4 నిమిషాలే. విడుపుకు మాత్రం 52. ఆ మనిషికి సిద్ధాంతం తెలియదనీ, ధారణ గొప్పదనీ వారెన్ అన్నాడు. అందులో చిన్నతనమేముంది? ఎక్కాలు అప్పజెప్పే మనలో ఎందరికి వాటి వెనక కారణం తెలుసు? నాకైతే ఆ 4 నిమిషాలకన్నా, కాగితం లేకుండా అన్ని మెట్లు దాటడమే అబ్బురం.

ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకండ్లు. యూరప్‌వాళ్లదీ అరవైల లెక్కే, మనవాళ్లదీ అరవైల లెక్కే. కొన్ని పంచాంగాలు ఇప్పటికీ ఘడియలూ గంటలూ రెండూ అచ్చేస్తాయి. నేను ముందు ఘడియలే చూస్తాను, 24తో హెచ్చించే ఓపిక లేనప్పుడు గంటలు.