తెర మీదికి నడిచిన ఊరు: ‘మా భూమి’

కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’లో తెలంగాణ రైతు పోరాటంలో దిగిన రాఘవరావు ఉరికి ముందు రాత్రి జైల్లో కూర్చుని తన బతుకంతా తలచుకుంటాడు. పుస్తకంలో అది బాగా కుదిరింది, తెర మీద మాత్రం మనసు లోపలిది చూపడం కష్టం. అందుకే దర్శకుడు గౌతమ్ ఘోష్, నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ ‘మా భూమి’లో ఆ కథను రామయ్య కథగా మార్చి వరుసగా నడిపారు. ముందు వెట్టి కనబడుతుంది, ఆ తర్వాత దొర మీద కోపం పుడుతుంది, పట్నంలో కార్మిక సంఘం ఆ కోపానికి దారి చూపిస్తుంది. రామయ్యకు తెలిసినప్పుడే మనకూ తెలుస్తుంది. సాయిచంద్ మొదటి సినిమాలోనే ఆ బరువంతా మోశాడు.

నవలాకారుడు పేజీల కొద్దీ చెప్పే చరిత్రను ఇక్కడ పాటలు చెబుతాయి. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు సినిమా కోసం కట్టినవి కావు, తెలంగాణ సాయుధ పోరాటం నాడు ఊళ్లలో జనం నోట తిరిగినవి. యాదగిరి పాటను గద్దర్ తెర మీదికే వచ్చి పాడాడు. చిత్రీకరణ మెదక్ జిల్లా మంగళపర్తిలో జరిగింది. నిజమైన ఊరు, నిజమైన పాట కలిసినచోట వ్యాఖ్యానంతో పనే లేదు.

హాలీవుడ్‌లోనూ ఇలాంటి పని జరిగింది. స్టైన్‌బెక్ 1939 నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ను జాన్ ఫోర్డ్ మరుసటి ఏడాదే సినిమాగా తీశాడు. భూమి పోగొట్టుకున్న ఓక్లహోమా కౌలు రైతుల కథ అది. అసలు కథను కాసేపు ఆపి రచయిత రాసిన అధ్యాయాల సారాన్ని ఫోర్డ్ మ్యూలీ అనే రైతు నోట పెట్టాడు, ట్రాక్టర్ అతని ఇల్లు కూల్చడం చూపించాడు. గ్రెగ్ టోలండ్ కెమెరా కొవ్వొత్తి వెలుగులో ఆ ముఖాన్ని పట్టుకున్న తీరు అద్భుతం. కానీ నవలలో ముందొచ్చే ప్రభుత్వ శిబిరాన్ని ఫోర్డ్ వెనక్కి జరిపాడు, కఠోరమైన ముగింపును వదిలేశాడు. ‘మా భూమి’ అలా మెత్తబడలేదు. 1948లో హైదరాబాద్ సంస్థానంపై జరిగిన పోలీసు చర్య తర్వాత సైన్యం అండతో దొరలు మళ్లీ ఊళ్లోకొస్తారు. ఈ విషయంలో మన సినిమాదే పైచేయి అంటాను.

1980లో విడుదలైన ఈ సినిమాను ఇవాళ చేవెళ్ల, మొయినాబాద్ బడుల్లో చూపించాలి. ఇక్కడ పొలాల పక్కనే ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు లేస్తున్నాయి. ఎకరం ధర అడిగేవాళ్లే గానీ ఆ భూమి ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకిచ్చిన 38-ఇ యాజమాన్య సర్టిఫికెట్ల మాట రంగారెడ్డి జిల్లా భూ తగాదాల్లో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. ఆ చట్టం రావడానికి ముందు పల్లెల్లో ఏం జరిగిందో పిల్లలు రామయ్య వెంట నడిచి చూడాలి, చూశాక ఇంట్లో పెద్దలను తమ పొలం సంగతి అడగాలి.