ఉపవాసం నాటి సాయంత్రం చదివే కథ

యూదులు యోమ్ కిప్పూర్ నాడు సుమారు 25 గంటలు మంచినీళ్లయినా ముట్టరు. ప్రాణాపాయంలో ఉన్న రోగికి మాత్రం తినిపించి తీరాలని వారి ధర్మశాస్త్రం. కాని ఉపవాసం పైకి కనబడేది. ఆ రోజు దేనికోసమో తెలియాలంటే సాయంకాలం సినగాగులో చదివే యోనా గ్రంథం చూడాలి. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు, అంతే.

యోనా అనగానే అందరికీ చేప గుర్తుకొస్తుంది. చేప ప్రస్తావన ఉన్నది మూడు వచనాల్లోనే. అసలు కథ నీనెవె నగరానిది. దాని శిథిలాలు నేటి ఇరాక్‌లో మోసుల్ దగ్గర ఉన్నాయి. అది అస్సీరియా వారి మహానగరం. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని నాశనం చేసింది ఆ అస్సీరియాయే. అటువంటి శత్రువుల్ని వెళ్లి హెచ్చరించమంటే యోనా ఓడెక్కి పారిపోతాడు. భయపడి కాదు. హెచ్చరిస్తే వాళ్లు మారతారు, మారితే దయగల దేవుడు క్షమించేస్తాడు, అదీ అతని బాధ! ఈ సంగతి చివరి అధ్యాయం దాకా దాచి ఉంచడంలో రచయిత నేర్పు ఉంది.

యోనా ప్రకటన హీబ్రూలో అయిదే మాటలు: 40 రోజుల్లో ఊరు తలక్రిందులవుతుందని. ఆ క్రియకు నాశనమవడం, మారిపోవడం అని రెండర్థాలూ చెప్పారు తాల్ముద్ పండితులు. ఊరు రెండో అర్థంలోనే తలక్రిందులైంది. మనుషులతోపాటు పశువులు కూడా గోనెపట్ట కట్టుకుని పస్తున్నాయి. అయితే దేవుడు చూసింది గోనెపట్టనీ, ఉపవాసాన్నీ కాదు, వాళ్లు దుర్మార్గం మానుకోవడాన్ని. ఈ తేడాను మిష్నా ప్రత్యేకంగా ఎత్తి చూపింది. మన వ్రతకథలు చాలావరకు వ్రతఫలాన్ని పొగుడుతాయి. ఈ కథ మాత్రం పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకున్నవాళ్లకు, కడుపు మాడ్చుకుంటే చాలదని చెబుతుంది.

కథకు ముగింపు లేదనిపించవచ్చు. నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోతే యోనా చావే మేలంటాడు. ఒక్క చెట్టు కోసం నీకింత బాధ అయితే, కుడి ఎడమలు తెలియని 1,20,000 పైచిలుకు జనం, ఎన్నో పశువులు ఉన్న ఊరిమీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడడుగుతాడు. అక్కడితో కథ ఆగిపోతుంది. యోనా జవాబు లేదు.

నా ఉద్దేశంలో అదే సరైన ముగింపు. తన తప్పులకు క్షమాపణ కోరుతూ కూర్చున్నవాడు, తనకు అన్యాయం చేసినవాడికీ అదే క్షమాపణ దొరికితే ఓర్చుకోగలడా? ఆ జవాబు యోనా నోట పలికించి ఉంటే, విన్నవాళ్లు నిశ్చింతగా ఇళ్లకు పోయి భోజనాలకు కూర్చునేవారు.