బెజవాడ దారిలో తెల్లగీత

డిసెంబరు వచ్చిందంటే నేరేడుచర్ల రోడ్డు మీద తెల్లారకముందే భవానీ దీక్షలో ఉన్నవాళ్ల ఎర్రబట్టలు కదులుతుంటాయి. నెత్తిన ఇరుముడి, కింద ఉత్త కాళ్లు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి, అక్కడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, పాలేరు దాటి జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం. ఆ తర్వాతే బెజవాడ దుర్గమ్మ కొండ, ఇంద్రకీలాద్రి. దగ్గరదగ్గర 130 కిలోమీటర్లు. నాలుగు రోజుల నడక.

మొదటిసారి పోయేవాళ్లు జట్టు పెద్ద గురుభవానిని అడిగే మొదటి ప్రశ్న ఏమేం కొనుక్కోవాలని. కొనేది పెద్దగా ఏమీ ఉండదు. అసలు తర్ఫీదు మాల వేసుకున్న రోజే మొదలైపోతుంది. మండల దీక్ష 41 రోజులు, అర్ధమండలమైతే 21. ఆ నియమాలను ఒకసారి నడిచేవాడి కళ్లతో చూడండి. చెప్పులు విడవాలి. మొదటి వారం ఇంటిముందు కంకర కూడా ప్రాణం తీస్తుంది. రోజులు గడిచేకొద్దీ అరికాలు మందమై, చిన్న రాయిని పట్టించుకోవడం మానేస్తుంది. చాప మీద పడుకోవాలి. రేపు దారిలో బడి వరండా గచ్చు మీద నిద్ర పట్టాలంటే ఆ అలవాటే దిక్కు. చీకటితో లేచి చన్నీళ్లు పోసుకోవాలి. నడక మొదలయ్యేదీ ఆ వేళకే. పగలు ఒకపూట భిక్ష, రాత్రికి ఏదో అల్పాహారం. కడుపు తేలికగా ఉంచుకుని పనిచేయడం ఒంటికి తెలుస్తుంది. ఈ నియమాలు పెట్టినవాళ్లు భక్తి కోసమే పెట్టి ఉండొచ్చు, నాకు మాత్రం ఇంతకన్నా మంచి శిక్షణ పట్టిక కనపడలేదు. వారం ముందు మాల వేసుకుని జట్టులో కలిసేవాళ్లు కోదాడలోనే కుంటడం మొదలుపెడతారు.

అయితే దీక్ష అరికాలును కాస్తుంది కానీ పిక్కలను కాదు. కొట్లో కూర్చుని లెక్కలు రాసుకునే మనిషి నలభై రోజులు చెప్పుల్లేకుండా కూర్చున్నా కూర్చున్నట్టే. సాయంత్రాలు కాల్వకట్ట మీద నడవాలి. ఓ శనివారం హుజూర్‌నగర్ దాకా నడిచి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం నడుస్తూనే తిరిగి రావాలి. మొదటిరోజు ఎవరైనా నడుస్తారు. రెండోరోజు పొద్దున లేచి నిలబడ్డప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఇక వేగం. కొత్తవాళ్లు ఉత్సాహం కొద్దీ ముందుకు దూకుతారు. వెనక నుంచి గురుభవాని కేక వినపడుతుంది: "ఏంది భవానీ, ఉరుకుతున్నవ్? నిమ్మళంగ నడువు. బెజవాడ ఏడికీ పోదు." ఆ పెద్దాయన వాడే కొలమానం పాట. ఆయన ఒక చరణం ఎత్తుకుంటాడు, జట్టంతా అందుకోవాలి. అందుకోలేక ఎవరైనా రొప్పుతున్నారంటే నడక తగ్గిస్తాడు. దూరం నడిచేటప్పుడు మాట తడబడని వేగమే సరైనదని వ్యాయామ శిక్షకులు కూడా చెబుతారు. శివరాత్రికి శ్రీశైలం కొండ ఎక్కే భక్తులు పాడుకుంటూ పోవడాన్ని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు. పాట నడకకు తోడు కావడం మనకు ఏడువందల ఏళ్లకు పైబడిన మాట.

ఎండ ఎక్కాక ఈ జట్టును దూరం నుంచి చూడండి, అందరూ ఒకే వరుసలో సాగుతుంటారు. క్రమశిక్షణ అనుకుంటాం. దగ్గరికి పోతే కాళ్లన్నీ రోడ్డు అంచున వేసిన తెల్లగీత మీద ఉంటాయి. నల్ల తారు కాలుతుంది, తెల్లరంగు అంతగా కాలదు. పైగా రంగు మందంగా పడి కంకర గరుకును కప్పేస్తుంది. జానెడు వెడల్పు కూడా లేని ఆ గీత మీదే మైళ్లకు మైళ్లు నడుస్తారు. దసరాకు పోయేవాళ్లకైతే దాని విలువ ఇంకా బాగా తెలుసు.

అయినా బొబ్బలు రాక మానవు. రాత్రి మజిలీలో కాళ్లు కడిగి, తుడిచి, టార్చిలైటు వెలుగులో ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకుంటారు. చిన్న బొబ్బను ముట్టుకోరు. నిండుగా నీరు పట్టి అడుగు వేయనివ్వని దాన్ని మాత్రం, మరిగే నీళ్లలో ఉంచిన సూదితో అంచున పొడిచి నీరు తీసి, పై తోలు అలాగే ఉంచి కట్టు కడతారు. తోలు పీకేసినవాడికి మర్నాడు నడక లేదు. తొడలు ఒరుసుకోకుండా బయలుదేరే ముందే కొబ్బరినూనె. ఈ మాట ఎవరూ బయటికి చెప్పరు, అందుకే ప్రతి కొత్తవాడూ ఒరుసుకుపోయాకే నేర్చుకుంటాడు.

షుగరు ఉన్నవాళ్ల సంగతి వేరు. అరికాలు మొద్దుబారినవాడికి గాజుపెంకు దిగినా తెలియదు. డాక్టరును అడగకుండా ఉత్త కాళ్లతో బయలుదేరడం భక్తి కాదు, మొండితనం. గుడ్డ బూట్లు వేసుకొచ్చినంత మాత్రాన అమ్మవారు అలగదు.

భయపడాల్సింది మంచుకు. డిసెంబరు తెల్లవారుజామున లారీవాడికి ఎర్రబట్ట కూడా కనపడదు. తెలిసిన జట్లు సంచులకు రేడియం అతికించుకుంటాయి, ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడిపక్క నడుస్తాయి, మంచు మరీ దట్టమైతే టీకొట్టు దగ్గర ఆగిపోతాయి.

కృష్ణలో మునిగి, గిరిప్రదక్షిణ చేసి, ఇరుముడి అప్పగించి మాల తీస్తారు. సాయంత్రం బస్సెక్కే ముందు సంచి అడుగు నుంచి చెప్పులు బయటికొస్తాయి. పాతవే, ఎప్పుడూ వేసుకునేవే. నాలుగడుగులు వేసేసరికి కరుస్తాయి.