ఒక గణితజ్ఞుని సంజాయిషీ: హార్డీ గ్రంథ పరిశీలన

గణితశాస్త్రజ్ఞులు తమ శాస్త్రాన్ని గురించి వ్రాసినంతగా తమను గురించి వ్రాసుకోరు. వ్రాసుకొన్న కొద్దిమందిలో కేంబ్రిడ్జి ఆచార్యుడు జి. హెచ్. హార్డీ ఒకడు. 1940లో వెలువడిన ఆయన చిన్న పుస్తకం ‘ఎ మేథమెటీషియన్స్ అపాలజీ’ నేటికీ పునర్ముద్రణలు పొందుతూనే ఉన్నది. రామానుజన్‌ను లోకానికి చూపినవాడు వ్రాసినది కనుక మన దేశంలో దానికి ప్రత్యేకమైన ఆదరం ఉన్నది. పేరులోని ‘అపాలజీ’కి క్షమాపణ అని అర్థం చెప్పుకొంటే మొదటి పుటలోనే దారి తప్పినట్లే. కచేరీలలో అడిగే సంజాయిషీ వంటిది ఇది. ‘జీవితమంతా గణితానికి ధారపోశావే, అది తగిన పనేనా?’ అని తనను తాను ప్రశ్నించుకొని హార్డీ ఇచ్చుకొన్న సమాధానం. ఆ సమాధానంలో కొంత మేలిమి బంగారం. కొంత మాత్రం విద్యార్థి చేతికి ఇచ్చేముందు ఉపాధ్యాయుడు గీటురాయి మీద పెట్టి చూడవలసినది.

బంగారం 12, 13 ప్రకరణాలలో ఉన్నది. గణితంలో సౌందర్యమంటే ఏమిటో చెప్పడానికి హార్డీ పెద్ద పెద్ద సిద్ధాంతాలను పిలవలేదు. ప్రధాన సంఖ్యలు అనంతమని యూక్లిడ్ చూపిన నిరూపణ, రెండు వర్గమూలం అకరణీయమన్న నిరూపణ, ఈ రెండే తీసుకొన్నాడు. ఉన్నత పాఠశాల విద్యార్థికి రెండూ అందుతాయి. మొదటిదాన్ని బోధించేటప్పుడు తరచు జరిగే ఒక పొరపాటును ఇక్కడ గుర్తు చేయడం మంచిది. ప్రధాన సంఖ్యలను కొన్నింటిని గుణించి ఒకటి కలిపితే వచ్చేది తప్పక ప్రధాన సంఖ్యే అని పిల్లలు అనుకొంటారు. 2, 3, 5ల లబ్ధానికి ఒకటి కలిపితే 31, అది ప్రధానమే. కాని 2, 3, 5, 7, 11, 13ల లబ్ధానికి ఒకటి కలిపితే 30,031 వస్తుంది. అది 59, 509ల లబ్ధం. నిరూపణకు భంగమేమీ లేదు, ఎందుకంటే 59 గాని 509 గాని మొదటి జాబితాలో లేవు. యూక్లిడ్‌కు కావలసినది అంతే.

ఇక గీటురాయి మీద పెట్టవలసిన మొదటి మాట వయస్సును గూర్చినది. గణితం యువకుల క్రీడ అనీ, ఏబది దాటినవాడు ఆరంభించిన గొప్ప గణిత ప్రగతి ఏదీ తనకు తెలియదనీ హార్డీ అంటాడు. సాక్ష్యంగా గాల్వా 21వ ఏట, ఆబెల్ 27వ ఏట, రామానుజన్ 33వ ఏట, రీమాన్ 40వ ఏట పోయారని లెక్క పెడతాడు. పుట్టిన తేదీలతో సరిచూస్తే నిండిన ఏళ్ళు 20, 26, 32, 39. మన పెద్దవాళ్ళు చెప్పే ‘నడుస్తున్న ఏడు’ లెక్క అన్నమాట! అది చిన్న సంగతి. అసలు లోపం తర్కంలో ఉన్నది. గాల్వాను ద్వంద్వయుద్ధంలో తగిలిన తుపాకిగుండు చంపింది. ఆబెల్‌ను, రీమాన్‌ను క్షయ చంపింది. రామానుజన్‌ను జబ్బు తీసుకొనిపోయింది. బ్రతికి ఉంటే వారి ప్రతిభ ఏ వయస్సులో ఎండిపోయేదో ఈ మరణాలు ఏమీ చెప్పవు. కాపు మీద ఉన్న చెట్టును నరికివేసి, ఈ జాతి చెట్టు పదేళ్ళకు మించి కాయదు అనడం వంటిదే ఈ వాదం. మీదుమిక్కిలి, మరణానికి మూడు నెలల ముందు, 1920 జనవరిలో, ‘మాక్ తీటా’ ప్రమేయాలను గూర్చి రామానుజన్ వ్రాసిన ఉత్తరం చేరినది హార్డీ చేతికే. అది తగ్గుతున్న ప్రతిభకు గుర్తు కాదు.

హార్డీ సాక్ష్యమే హార్డీ మాటకు అడ్డు వస్తుంది. తాను ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడుగా ఉన్నప్పుడు, నలుబది దాటిన తరువాతనే, తన శక్తి ఉచ్చస్థితిలో ఉండేదని ఇదే పుస్తకంలో ఒప్పుకొంటాడు. పుస్తకం వెలువడిన తరువాతి చరిత్ర ఇంకా గట్టిగా మాట్లాడింది. సహజ సంఖ్యల ఘనాల వ్యుత్క్రమాలను కూడితే వచ్చే మొత్తం అకరణీయమని 1978లో నిరూపించిన ఫ్రెంచి గణితజ్ఞుడు రోజే ఆపెరీకి అప్పుడు 61 ఏళ్ళు. 1955లో జన్మించిన యీటాంగ్ ఝాంగ్, 7 కోట్లకు మించని భేదంతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతమని 2013లో చూపినాడు. పరిశోధక పట్టం పొందిన తరువాత చాలాకాలం తగిన ఉద్యోగమే దొరకని మనిషి ఆయన. ఇరవై ఏళ్ళకు ఏమీ కనిపెట్టలేదు గనుక గణితం తనకు రాదని పుస్తకం మూసివేసే విద్యార్థికి ఈ రెండు పేర్లూ తెలియాలి.

రెండవ మాట ఉపాధ్యాయులకు నేరుగా తగిలేది. ఇతరులు కనిపెట్టినదానిని వివరించడం, విమర్శించడం, మెచ్చుకోవడం రెండవ తరగతి బుద్ధుల పని అని హార్డీ మొదటి పుటలోనే తీర్పు చెబుతాడు. అన్నవాడెవరు? 1908లో ‘ఎ కోర్స్ ఆఫ్ ప్యూర్ మేథమెటిక్స్’ వ్రాసి రెండు మూడు తరాలకు విశ్లేషణ గణితం నేర్పినవాడు! కుంభకోణంలో బాలుడైన రామానుజన్‌ను గణితం వైపు త్రిప్పినది జి. ఎస్. కార్ అనే ట్యూషను మాస్టరు పరీక్షలకోసం కూర్చిన సూత్ర సంపుటం. అదే రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జికి వ్రాసిన మొదటి ఉత్తరంలో హార్డీ రచించిన ‘ఆర్డర్స్ ఆఫ్ ఇన్‌ఫినిటీ’ అనే చిన్న పుస్తకం 36వ పుటను పేర్కొన్నాడు. డ్యూ బ్వా రేమాన్ భావాలను ఇంగ్లీషు పాఠకులకు విడమరచి చెప్పిన పుస్తకమది. హార్డీ తన జీవితంలో గొప్ప అదృష్టంగా చెప్పుకొన్న ఆ పరిచయానికి ద్వారం తెరచినది ఒక వివరణ గ్రంథం.

మూడవది నిరుపయోగితను గూర్చిన గర్వం. తాను చేసినదేదీ ఉపయోగపడలేదని హార్డీ అంటాడు. ఇందులో కొంత చమత్కారమున్నా, వెనుక ఒక బాధ ఉన్నది: మొదటి ప్రపంచ యుద్ధాన్ని చూచినవాడు, రెండవది నడుస్తూండగా వ్రాస్తున్నాడు. సంఖ్యా సిద్ధాంతానికి నెత్తురు అంటలేదని చెప్పుకోవడం ఆయనకు అవసరం. కాని మాట నిలువలేదు. జన్యుశాస్త్రజ్ఞుడు పన్నెట్ తెచ్చిన ప్రశ్నకు జవాబుగా 1908లో హార్డీయే ‘సైన్స్’ పత్రికకు ఒక లేఖ వ్రాశాడు. బహిర్గత లక్షణం క్రమంగా జనాభా అంతటా వ్యాపిస్తుందా అన్నది సందేహం. ఒక జనాభాలో పది జన్యువులకు ఒకటి బహిర్గతం, తొమ్మిది అంతర్గతం అనుకోండి. యాదృచ్ఛికంగా వివాహాలు జరిగితే తరువాతి తరం వందమందిలో ఇద్దరు తలిదండ్రుల నుండీ బహిర్గత జన్యువే వచ్చినవాడు ఒకడు, రెండు విధాలవీ కలిసినవారు 18 మంది, అంతర్గతమే వచ్చినవారు 81 మంది ఉంటారు. వారిలోని 200 జన్యువులలో బహిర్గతాలు 2, 18 కలిసి 20. అంటే మళ్ళీ పదింట ఒకటే! నిష్పత్తి పెరగదు, తరగదు. ఎక్కాలు వచ్చినవాడు చేయగల లెక్క. జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ కూడా అదే ఏడు స్వతంత్రంగా చెప్పిన ఈ నియమం నేడు జనాభా జన్యుశాస్త్రానికి తొలి పాఠం. ఇక ప్రధాన సంఖ్యల విషయానికి వస్తే, 1978లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మాన్‌లు ప్రచురించిన రహస్య లిపి పద్ధతి వాటి మీదనే నిలిచింది. బ్రిటిష్ ప్రభుత్వపు గూఢలేఖన శాఖలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దానిని కనుగొన్నాడని 1997లో బయటపడింది.

హార్డీకి అతి దగ్గరలోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వ శాఖ ఒకటి 1938లో రేడియో ఇంజనీర్లకు తలనొప్పిగా ఉన్న అవకలన సమీకరణాలపై గణితజ్ఞుల సాయం కోరింది. ఆ పనికి పూనుకొన్నది మేరీ కార్ట్‌రైట్. ఆమె పట్టం పొందిన తరువాత నాలుగేళ్ళు పాఠశాలలలో పాఠాలు చెప్పి, 1928లో మళ్ళీ ఆక్స్‌ఫర్డుకు వచ్చి హార్డీ వద్దనే పరిశోధన చేసింది. ఆమె తోడు చేర్చుకొన్నది హార్డీ చిరకాల సహచరుడైన లిటిల్‌వుడ్‌ను. 1945లో వారిద్దరి ఫలితాలు అచ్చయ్యేనాటికి ఆమెకు నలుబది దాటినవి, ఆయనకు అరువది. క్రమరహిత చలనాల అధ్యయనానికి తొలి మెట్లలో ఒకటిగా దానిని నేడు లెక్కిస్తారు. ఆ పని సాగుతున్న రోజులలోనే, అదే కేంబ్రిడ్జిలో, హార్డీ తన పుస్తకం అచ్చుకు ఇచ్చాడు.

అయితే, ఇంత సూక్ష్మబుద్ధి ఇన్ని చోట్ల ఎందుకు తడబడింది? 1939లో హార్డీకి గుండెపోటు వచ్చింది. టెన్నిసు, పరుగు, కొత్త సిద్ధాంతం వెంట పడే ఉత్సాహం, అన్నీ ఒక్కసారి చేయి జారినవి. అరువది రెండేళ్ళ వయస్సులో తనకు జరిగినదానిని ఆయన గణితానికి నియమంగా వ్రాశాడు. మొదటి ముద్రణ చదివినవారికి ఈ సంగతి తెలిసే మార్గం లేదు. 1967 నుండి వచ్చిన ముద్రణలలో ఆయన మిత్రుడు సి. పి. స్నో వ్రాసిన సుదీర్ఘమైన పీఠిక ఉన్నది. పాఠశాల గ్రంథాలయానికి కొనేటప్పుడు ఆ పీఠిక ఉన్న ప్రతినే కొనాలి. విద్యార్థి దానిని చదివి, తరువాత 12, 13 ప్రకరణాలు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదివి, ఆపైన మొదటి పుటకు రావచ్చు.